అమెరికా అంతర్యుద్ధంలో మామూలు మనుషులు

ప్రశ్న: హిస్టరీతో డిగ్రీ చేశాను, ఇప్పుడు ఇంట్లోనే బ్లౌజులు కుడుతున్నాను. అమెరికా అంతర్యుద్ధం మీద ఏ పుస్తకం తెరిచినా సేనాపతులు, యుద్ధాలే. అప్పటి మామూలు జనం ఎలా బతికారో చెప్పే పుస్తకాలు కావాలి. ఇంగ్లిష్ నెమ్మదిగా చదవగలను. ఎక్కడ మొదలుపెట్టమంటారు మాస్టారూ?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: అమ్మా, మీరు కుట్టుపని చేస్తారని కాదు, ఎవరడిగినా నేను ముందు ఎలిజబెత్ కెక్లీ పేరే చెబుతాను. పుస్తకం ‘బిహైండ్ ద సీన్స్’, 1868లో వచ్చింది. వర్జీనియాలో బానిసగా పుట్టిన మనిషి. సెయింట్ లూయిస్‌లో యజమాని కుటుంబం చితికిపోతే రెండేళ్ల ఐదు నెలలపాటు పదిహేడు మందికి తన సూదితోనే తిండి పెట్టానని రాసుకుంది. 1855లో 1,200 డాలర్లు కట్టి తననీ కొడుకునీ విడిపించుకుంది. ఆ డబ్బు ఆమె చేత బట్టలు కుట్టించుకునే ఆడవాళ్లు సర్దారు. ఊరికే ఇస్తే పుచ్చుకోను, అప్పుగానే తీసుకుంటానని చెప్పి మొత్తం తీర్చేసింది. తర్వాత వాషింగ్టన్‌లో లింకన్ భార్యకు గౌన్లు కుట్టింది. 1862లో లింకన్ గారి పిల్లాడు విల్లీ పోతే ఒళ్లు కడిగి బట్టలు తొడిగిన వాళ్లలో ఆమె కూడా ఉంది. అంతకు కొన్ని నెలల ముందే మిజోరీ రాష్ట్రంలో జరిగిన పోరులో తన ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. ఆ సంగతి మాత్రం రెండు మూడు వాక్యాల్లో చెప్పి దాటిపోతుంది. అక్కడ తొందరపడకండి, మళ్లీ చదవండి.

విజయనగరంలో నేను పాఠం చెప్పినన్నాళ్లూ పిల్లలు గెట్టిస్‌బర్గ్ యుద్ధం తేదీ అడిగేవారే గానీ, అప్పటి సిపాయిల బట్టలు ఎవరు ఉతికారని అడగలేదు. సూసీ కింగ్ టేలర్ ఉతికింది. చిన్నప్పుడు సవానా అనే ఊళ్లో, బానిస పిల్లలకు చదువు చెప్పడం నేరమైన రోజుల్లో, పుస్తకాలు కాగితంలో చుట్టుకుని దొంగచాటుగా బడికెళ్లింది. తర్వాత నల్లజాతి దళం వెంట ఉండి బట్టలు ఉతికింది, గాయపడ్డవారికి సేవ చేసింది, సిపాయిలకు అక్షరాలు నేర్పింది. నాలుగేళ్ల మూడు నెలలు డాలరు కూడా ముట్టలేదు. తన జ్ఞాపకాలను 1902లో అచ్చు వేయించింది. చిన్న పుస్తకం, ఇంగ్లిష్ కూడా తేలిక.

హ్యారియెట్ జేకబ్స్ 1861లో వేసిన పుస్తకం గుండె దిటవు చేసుకుని చదవాలి. యజమాని బారి నుంచి తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి అటక మీద, నిలబడడానికి కూడా ఎత్తు చాలని చోట, దాదాపు ఏడేళ్లు దాక్కుంది.

సిపాయిల బతుకు కావాలంటే బెల్ వైలీ రాసిన రెండు పుస్తకాలున్నాయి, విడిపోయిన దక్షిణ రాష్ట్రాల సిపాయిల మీద ఒకటి, వాళ్లతో పోరాడిన ఉత్తర రాష్ట్రాల సిపాయిల మీద ఒకటి. వాళ్లు ఇంటికి రాసుకున్న ఉత్తరాల ఆధారంగా రాశాడు. తిండి, పేలు, జ్వరాలు, ఇంటి మీద బెంగ అన్నీ అందులో ఉన్నాయి. మేరీ చెస్నట్ డైరీని అందరూ మెచ్చుకుంటారు. కానీ ఆవిడ పెద్ద జమీందారు ఇంటి కోడలు, పైగా యుద్ధమయ్యాక 1880ల్లో దాన్ని తిరగరాసింది. మీరడిగింది అది కాదు.

కెక్లీ, జేకబ్స్ పుస్తకాలకు కాపీరైట్ గడువు తీరింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండా ఫోన్లోనే చదువుకోవచ్చు.

1936-38 మధ్య అమెరికా ప్రభుత్వం ఒకప్పటి బానిసలను కలిసి 2,300కు పైగా ఇంటర్వ్యూలు రాయించింది. అవీ ఉచితమే. అయితే అడిగినవాళ్లలో చాలామంది తెల్లవాళ్లు. చెప్పేవాళ్లు పేదలు, ముసలివాళ్లు, ఎదుటివారిని చూసి ఆచితూచి మాట్లాడారు. కాబట్టి ఎవరు అడిగారో ముందు చూడండి. మాటల్ని పలికినట్టే రాశారు కాబట్టి పైకి చదివితేనే అర్థమవుతాయి. కెక్లీ, సూసీ పూర్తయ్యాకే వాటి జోలికి వెళ్లండి.