కలబంద మొదలు కుళ్లుతోంది, ఏ మందు కొట్టాలి?

ప్రశ్న: ఎకరం నల్లరేగడిలో కలబంద వేశాను. వానల తర్వాత ఆకులు మొదట్లో మెత్తబడి, పట్టుకుంటే ఊడివస్తున్నాయి. ఆకుమచ్చ తెగులని మందుల షాపులో ఇచ్చినవి మూడుసార్లు కొట్టినా తగ్గలేదు. తోటలో ఆకులతోనే ఇంట్లో రోజూ పరగడుపున జ్యూస్ తాగుతున్నాం. ఈమధ్య కడుపులో మెలిపెట్టి విరేచనాలవుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: ముందు ఆ జ్యూస్ ఆపేయండి. మందు కొట్టిన ఆకును తినే పంటగా చూడకూడదు. మీ షాపాయన ఇది ఇంట్లో తినే ఆకా అని ఒక్కసారైనా అడిగారా? జబ్బు చూడకుండా డబ్బా చేతికిచ్చేవారి మాట విని పిచికారీ చేస్తే ఇలాగే అవుతుంది. మందు పడిన ఆకులు ఎవరికీ అమ్మకండి, తలకు కూడా రాయకండి. విరేచనాలు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

మందు పడని ఆకైనా, కోయగానే కారే పసుపుపచ్చ సొనే విరేచనాలు చేయిస్తుంది. కోసిన వైపు కిందికి ఉంచి 15 నిమిషాలు నిలబెట్టి సొన పోనివ్వాలి. తోలు తీసి, గుజ్జును రెండు మూడుసార్లు కడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు లోపలికి తీసుకోవద్దు. చిన్నపాటి కాలిన గాయానికి, ఎండకు కమిలిన చర్మానికి గుజ్జు పైపూతగా వాడుకోవచ్చు.

ఇక తోట సంగతి. ఇది ఆకుమచ్చ కాదు. మచ్చ తెగులైతే ఆకు మీద ఎండిన గోధుమరంగు మచ్చలుంటాయి, ఆకు ఊడిరాదు. మీది బాక్టీరియా వల్ల వచ్చే మెత్తటి కుళ్లు. మొదలు నొక్కితే జిగురు, దుర్వాసన వస్తాయి, చూడండి. మాంకోజెబ్, కార్బండజిమ్ లాంటి శిలీంధ్రనాశకాలు బాక్టీరియాను చంపవు. అసలు కారణం నిలిచిన నీరు. రేగడిలో కలబంద వేసేటప్పుడే ఇది ఆలోచించాల్సింది.

కుళ్లిన మొక్కలను వేళ్లతో సహా తీసి పొలం బయట కాల్చండి. ఆ గుంటల్లో మాత్రమే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, గుంటకు లీటరు చొప్పున పోయండి. పక్క మొక్కల ఆకుల మీద పడనివ్వొద్దు. నీరు పోయేలా వరసల మధ్య అడుగు లోతు కాలువలు తీయండి. వానల్లో తడి అస్సలు ఇవ్వకండి, ఎండాకాలంలో 15–20 రోజులకోసారి చాలు. యూరియా ఇప్పుడు వద్దు. ఆకు కోసే కత్తిని మొక్క మొక్కకూ స్పిరిట్‌లో ముంచాలి, గాయం నుంచే జబ్బు పాకుతుంది. ఖాళీల్లో మళ్లీ నాటాలంటే వానలు తగ్గాక, జబ్బులేని పిలకలు తీసి మూడు రోజులు నీడలో ఆరబెట్టి, అరడుగు ఎత్తు బోదెల మీద నాటండి.