సీటు దానంతట అదే జరిగితే బండి ఆపుడే

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు): మొన్న హైదరాబాద్ పోతుంటే జనగామ దాటినంక డ్రైవర్ సీటు దానంతట అదే వెనక్కి జరిగింది, మా ఆయన కాలు బ్రేకుకు సరిగ అందలేదు, ఎట్లనో పక్కకు ఆపిండు. ఇప్పుడు మంచిగనే పనిచేస్తుంది. మెకానిక్ ఏం కాదు వాడుకోండి అంటుండు. వాడొచ్చా?

జవాబు: ఇప్పుడున్నట్టే వాడొద్దమ్మా. బ్రేకు అందకుంట చేసిన సీటు అంటే బ్రేకు ఫెయిలైనట్టే లెక్క, మళ్ళ మంచిగైంది కదా అని అస్సలు నమ్మొద్దు.

మీది స్విచ్ నొక్కితే మోటర్‌తోని జరిగే సీటు (పవర్ సీట్) అయి ఉంటది. ఇట్లాంటి కేసుల్ల ముందు చూడాల్సింది మోటర్ కాదు, సీటు పక్కన ప్లాస్టిక్ కవర్ మీద ఉండే స్విచ్ (చేత్తోని కదిపే దాని పిడినే నాబ్ అంటరు). ఎక్కేటప్పుడు దిగేటప్పుడు కాలు తగులుతది, సంచి తగులుతది, మేడారం పోయొస్తే బెల్లం తునకలు గూడ అక్కడనే ఇరుక్కుంటయి. నాబ్ వంగినా లోపల ఇరుక్కున్నా ఎవరో నొక్కి పట్టుకున్నట్టే మోటర్‌కు కరెంటు పోతనే ఉంటది, సీటు చివరిదాక పోయి ఆగినా మోటర్ గుంజుతనే ఉండి వేడెక్కుతది. అమెరికాల 2024 జూన్‌ల కియా వాళ్ళు 2020 నుంచి 2024 దాక మోడల్ టెల్యూరైడ్ బండ్లు 4.6 లక్షలకు పైనే రీకాల్ చేసింది (లోపం సరిచేయనీకి వెనక్కి పిలిచింది) ఇందుకే, నాబ్ ఇరుక్కుంటే సీటు మోటర్ వేడెక్కి మంటలొచ్చే ప్రమాదం ఉందని రిపేర్ అయ్యేదాక బండి ఇంటికి దూరంగ బయట పెట్టుకోమన్నరు.

మీరు ఇంట్లనే ఒకటి చూడండి, నాబ్‌ను ముందుకు వెనక్కి పైకి కిందికి ఒక్కోసారి కొంచెం కదిపి వదిలితే టక్కున నడిమికి రావాలె. మెల్లగ వచ్చినా, లూజుగ ఊగినా, ఒక దిక్కు ఒరిగి ఉన్నా స్విచ్ మార్పియ్యాల్సిందే. అప్పటిదాక సీటును మీ ఆయన కాలు పెడల్ మీద నిండుగ పడేటట్టు పెట్టుకొని, పవర్ సీట్ ఫ్యూజ్ తీసెయ్యండి (ఏది ఎక్కడుందో ఫ్యూజ్ బాక్స్ మూత మీదనో బండి పుస్తకంలనో ఉంటది). ఫ్యూజ్ తీస్తే సీటు జారదు, లోపల స్క్రూ గేరు పట్టుకొనే ఉంటది. చాలా బండ్లల్ల తాళంచెవి బయటికి తీసినా డ్రైవర్ సీటుకు కరెంటు ఉంటనే ఉంటది కాబట్టి ఇంజన్ బంద్ చేసినం కదా అనుకోవద్దు. నడుస్తుండంగ మళ్ళ జరిగితే స్విచ్‌తోని కొట్లాడుకుంట రోడ్డు మీది చూపు తియ్యొద్దు, సీటు అంచుకు జరిగి బ్రేకు అందుకొని, ఇండికేటర్ వేసి ఎడమకు ఆపుకోవాలె.

ప్రశ్న (నర్సంపేట): 2025 అక్టోబర్‌ల మొంథా తుఫాను వానలకు మా కారు హన్మకొండల చుట్టాలింటి దగ్గర నీళ్ళల్ల నిలబడ్డది. ఇప్పుడు సీటు కొంచెం కదిలి ఆగిపోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు గూడ ఆరుతలేదు. రెండింటికి సంబంధం ఉందా?

జవాబు: ఉండే అవకాశమే ఎక్కువ. సీటు మోటర్లు, వైర్లు, కనెక్టర్లు అన్నీ కార్పెట్ మీదనే కూసుంటయి, పైన ఆరినట్టు కనపడ్డా కింది మెత్త రోజుల తరబడి తడిగనే ఉంటది, పిన్నులకు ఆకుపచ్చ తుప్పు పడుతది. అక్కడనే పసుపు రంగు కనెక్టర్ ఒకటి కనపడుతది, అది సైడ్ ఎయిర్‌బ్యాగ్‌దో సీట్ బెల్టుదో అయి ఉంటది, దాన్ని మీరు ముట్టొద్దు. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగినంకనే ఎవరన్నా దాని మీద చెయ్యి పెట్టాలె.

ఇంకొకటి గట్టిగ చెప్తున్న, 30 ఆంప్స్ ఫ్యూజ్ మాటిమాటికి పోతుందని 40 పెట్టేటోళ్ళు, తీగ చుట్టేటోళ్ళు ఉంటరు, ఒప్పుకోకండి. ఫ్యూజ్ పోకుంటే వైరే కాలుతది, అదీ మీ సీటు కిందనే. రిపేర్ అయినంక బ్యాటరీ మళ్ళ తగిలిస్తే కొన్ని బండ్లల్ల సీటు మెమరీ (మీరు సెట్ చేసి పెట్టుకున్న సీటు జాగ) పోతది, అదేం ఖరాబు కాదు, మళ్ళ సెట్ చేసుకోవచ్చు.

ప్రశ్న (కరీంనగర్): మా మనవడు వెనుక సీట్లనే ఆడుతడు. ముందు సీటు వెనక్కొస్తే ఆగుతదా?

జవాబు: ఆగుతదని అనుకోవద్దు. కొన్ని బండ్లల్ల కిటికీ అద్దానికి చెయ్యి అడ్డమొస్తే ఆగే ఏర్పాటు ఉంటది, సీటుకు గూడ ఉందని బండి పుస్తకంల రాసి ఉంటె తప్ప నమ్మకండి. ఇంజన్ బంద్ చేయంగనే సీటు దానంతట అదే వెనక్కి జరిగే ఫీచర్ ఉంటే సెట్టింగ్స్‌ల బంద్ పెట్టండి. ముందు సీటును వెనుక నుంచి జరిపే బటన్ ఉంటే పిల్లగాడు ముందు దాన్నే నొక్కుతడు, అది గూడ చూసుకోండి.

సీటుకు నడిమి కన్సోల్‌కు మధ్యల ఫోన్ పడ్డప్పుడు పెద్దోళ్ళు గూడ చెయ్యి దూర్చుతరు. 2017 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ల ఆ సందుల సీటు ఫ్రేము అంచు పదునుగ ఉండి చేతులు కోసుకుపోతే కంపెనీ రీకాల్ చేసింది. బండి ఆపి, కిందికి దిగి, వెనుక డోరు తీసి అటు దిక్కు నుంచి తీసుకోండి.