రిజెక్ట్ అయిందని వదిలేయకు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినదాంట్లో సగమే నా చెవిన పడింది. అందుకే కాగితం మీద రాస్తున్నా. డిసేబిలిటీ పెన్షన్ రిజెక్ట్ అయింది, ఇక వదిలేస్తానన్నావు. వదలొద్దు. ఆర్మీలో పదిహేడేండ్ల సర్వీసు నీది, నువ్వు అడిగేది దానం కాదు.

ముందు ఆ లెటర్ నీ చేతికి ఏ రోజు అందిందో దాని మీదే రాసిపెట్టు, కవరు కూడా పారేయకు. మొదటి అప్పీలుకు ఆరు నెలలే గడువు. నేను చేసిన తప్పు అదే. కోపంతో లెటర్‌ను ట్రంకు పెట్టె అడుగున పడేసి బత్తాయి తోట పనిలో పడ్డా. మళ్లీ తీసేసరికి తొమ్మిది నెలలు. ఆలస్యం ఎందుకైందో రాసి బతిమాలుకోవాల్సి వచ్చింది. తీసుకున్నారు గానీ ఆ ఏడాదంతా మీ పెద్దమ్మకూ నాకూ ఒకటే టెన్షన్.

రిలీజ్ మెడికల్ బోర్డు, అంటే సర్వీసు నుంచి పంపేముందు నిన్ను పరీక్షించిన డాక్టర్ల బోర్డు, దాని కాగితాలు లేకుండా అప్పీలు రాయకు. నీ రికార్డ్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది కదా, సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అవి వచ్చాక వైకల్యం ఎంత శాతమో ఒక్కటే చూసి ఆగిపోకు. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసులో ముదిరిందా అన్న గడిలో ఏం రాశారో, ఎందుకని రాశారో చూడు. నా చెవుడుకు సర్వీసుతో సంబంధం లేదని నా కాగితంలో ఒక్క ముక్క ఉంది, కారణం లేదు. ఏండ్ల తరబడి 105 ఎం.ఎం. గన్ పక్కన నిలబడ్డవాణ్ని నేను. భర్తీ రోజు మెడికల్ షీట్‌లో రెండు చెవులూ బాగున్నాయని ఉంది. ఆ రెండు కాగితాలూ జిరాక్స్ తీయించి అప్పీలుకు జత చేశా. నా కేసు నిలబడింది వాటి మీదే.

2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. భర్తీ అప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని రుజువు చేసే భారం వాళ్లది. బోర్డు కారణాలు రాసి తీరాలి. నిబంధనలు 2023 సెప్టెంబరులో మారాయి గానీ, నువ్వు అంతకుముందే రిటైరయ్యావు. ఈ తీర్పు పేరు అప్పీల్లో తప్పక రాయి.

నీ బీపీ పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దుకు దూరంగా ప్రశాంతంగా ఉండే పోస్టింగులో, మొదలైందని కొట్టేశారు. మరి అంతకుముందు ఎక్కడున్నావు? లేహ్ నుంచి దిగిన ఎన్ని నెలలకు బీపీ అని మొదటిసారి రాశారు? పోస్టింగులన్నీ తారీఖులతో వరుసగా రాసుకో. గుర్తులేని తారీఖు ఊహించి రాయొద్దు. ఒక్కటి తప్పని తేలినా మిగతావి నమ్మరు.

నీది 30 శాతం, అంటే 20 శాతం ఉండాలన్న షరతు నీకు అడ్డు కాదు. దాన్ని 50గా లెక్కకట్టాలని కూడా అడుగు. పూర్తి కాలం చేసి రిటైరైనవాళ్లకూ అది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది.

మొదటి అప్పీలు పోతే రెండోది, అదీ పోతే సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మనకు చెన్నై బెంచి. అక్కడిదాకా పోతే వకీలును పెట్టుకుందాం. వచ్చే బకాయిల్లో వాటా అడిగేవాళ్లకు మాత్రం సంతకం పెట్టకు.

ఆదివారం దేవరకొండలో బస్సెక్కి రా. డిశ్చార్జి బుక్కు, ఆ లెటర్ తెచ్చుకో. సోమవారం ఇద్దరం నల్లగొండ సైనిక సంక్షేమ కార్యాలయానికి పోదాం. నా కుడి చెవి కాస్త నయం, ఆ పక్కన కూర్చుని నువ్వు చదువు, నేను రాస్తా.

మీ పెద్దనాయిన