నీడకు చోటివ్వండి: లో-కీ ఫొటోలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు లో-కీ ఫొటోల గురించే ఉన్నాయి. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటిగా ఉండి, ఒక దిక్కునుంచి వచ్చే వెలుగు కావలసిన చోట మాత్రమే పడేలా తీసే పద్ధతి ఇది. ఒకే రకం సందేహాలను కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా నాయనమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెనక అంతా నల్లగా వచ్చేలా ఫొటో తీయాలని చూశాను. కెమెరాను ఆటో మోడ్‌లో పెడితే వెనక గోడ బూడిదరంగులో కనిపిస్తోంది. ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) బాగా తగ్గిస్తే ముఖం కూడా నల్లబడుతోంది. దాన్ని కంప్యూటర్‌లో పెంచితే గింజలు గింజలుగా వస్తోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?
— ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: లో-కీ అంటే ఫొటో మొత్తాన్ని చీకటి చేయడమని చాలామంది అనుకుంటారు. నిజానికి వెలుగు పడిన చెంప సరైన ఎక్స్‌పోజర్‌లోనే ఉండాలి. మిగతా భాగానికి వెలుగు అందకపోవడం వల్ల అది తనంతట తానే నల్లబడాలి. మీ కెమెరా మీటరు ఫ్రేములోని వెలుగునంతా సగటు చేసి, దాన్ని మధ్యస్థమైన బూడిదరంగుకు తేవాలని చూస్తుంది కనుక, ఫ్రేములో చీకటి ఎక్కువైనకొద్దీ ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. కాబట్టి స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి, కిటికీ వైపు చెంప మీద కొలవండి. అది లేకపోతే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే కెమెరా లెక్కను మనం సరిదిద్దే అమరికను, ఒకటి నుంచి రెండు స్టాపుల వరకు తగ్గించి చూడండి (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). ఫోనులో తీసేవారు వెలుగు పడిన చెంప మీద వేలు కాసేపు నొక్కి ఉంచి, ఎక్స్‌పోజర్ లాక్ అయ్యాక కిందికి జరపాలి; నైట్ మోడ్, హెచ్‌డీఆర్ రెండూ నీడలను వెలుగుగా మార్చేస్తాయి కనుక ఆపేయాలి. హిస్టోగ్రామ్‌లో (ఫొటోలోని చీకటిని ఎడమవైపు, వెలుగును కుడివైపు చూపే గ్రాఫు) గుట్ట ఎడమవైపు ఉండటం సహజమే కానీ, సన్నటి తోక ఒకటి కుడివైపుకు సాగకపోతే మీరు తీసింది లో-కీ ఫొటో కాదు, వెలుగు చాలని ఫొటో. గింజలు కనిపించడానికి కారణం అదే.

ఇక గోడ సంగతి. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు, అంటే రెండు స్టాపులు పడిపోతుంది. ముఖం దీపానికి 1 మీటరు దూరంలో, గోడ 4 మీటర్ల దూరంలో ఉంటే గోడకు అందేది పదహారో వంతు వెలుగు. పెద్ద కిటికీకి బాగా దగ్గరలో ఈ తగ్గుదల కొంత నెమ్మదిగా ఉంటుంది కానీ దారి అదే: మనిషి వెలుగుకు దగ్గరగా, గోడ దూరంగా ఉండాలి. అయితే మన ఇళ్లలో గోడలకు ఎక్కువగా తెలుపో, లేత రంగో వేస్తారు. తెల్లగోడ నాలుగు స్టాపులు తగ్గినా ముదురు బూడిదరంగులోనే ఆగిపోతుంది. ఒక నల్ల దుప్పటి వేలాడదీయడం తేలికైన మార్గం. అలాంటిదే ఇంకొకటి ఆమె నీడవైపున, ఫ్రేములో కనపడకుండా, వీలైనంత దగ్గరగా ఉంచండి. ఎదుటి గోడ నుంచి తిరిగివచ్చే వెలుగే నీడను పలచన చేస్తుంది. చాలామంది దీన్ని గమనించరు.

దిక్కు విషయంలో తొందరపడకండి. ఆమె కిటికీకి ఎదురుగా ఉంటే ముఖం చదునుగా వస్తుంది. కిటికీ ఆమెకు పూర్తిగా పక్కన ఉంటే ముఖం సగానికి సగం చీలిపోతుంది. ఆ స్థితి నుంచి ముఖాన్ని కొద్దికొద్దిగా కిటికీ వైపు తిప్పమనండి. ఒకచోట ముక్కు నీడ చెంప నీడతో కలిసి, అవతలి కంటి కింద చిన్న త్రికోణం ఆకారంలో వెలుగు మిగులుతుంది. ఆ త్రికోణం వెడల్పు కన్నును, పొడవు ముక్కును మించకపోతే అందంగా ఉంటుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) వేసిన ముఖచిత్రాల్లో ఇలాంటి వెలుగు కనిపిస్తుంది కనుక ఫొటోగ్రాఫర్లు దీనికి ఆయన పేరే పెట్టుకున్నారు. కిటికీ కింది సగాన్ని దుప్పటితో మూసేస్తే వెలుగు పైనుంచి ఏటవాలుగా దిగి, త్రికోణం తేలికగా కుదురుతుంది. మరో రెండు మాటలు: తెల్లచీర కట్టుకుని ఉంటే ముఖం కంటే ముందు చీరే కంట పడుతుంది కనుక ముదురు శాలువా కప్పండి; ముక్కుపుడక మెరుపు మాత్రం పోనివ్వకండి, తల కాస్త అటూ ఇటూ తిప్పితే అదే తగులుతుంది. పక్కనుంచి పడే వెలుగు ముడతలను ఎత్తి చూపిస్తుంది. నా మటుకు నాకు అదే ఇష్టం కానీ, ఫొటో ఆవిడది కనుక ఆమెను అడగండి.

ఉత్తరపు కిటికీలో నేరుగా ఎండ పడదని పాశ్చాత్యుల పుస్తకాలు చెబుతాయి. కానీ హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ కాలంలో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకీ ఎండ వస్తుంది. అప్పుడు ఒక పలచని తెల్లని పంచె అడ్డం కట్టుకోవాలి.

ప్రశ్న: లో-కీ ఫొటోలకు స్టూడియో ఫ్లాష్ తప్పనిసరా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అక్కర్లేదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తరం వారికి స్టూడియో అంటే అద్దాల్లోంచి దిగే పగటి వెలుగు, దాన్ని అదుపు చేసే తెరలు. మీకు ఒక ఎల్‌ఈడీ దీపం, దాని వెలుగు పక్కలకు చెదరకుండా చుట్టడానికి నల్ల చార్టు చాలు. మొదట గదిలో ఉన్న లైట్లన్నీ ఆర్పేయండి. ట్యూబ్‌లైటు ఒక్కటి వెలుగుతున్నా నీడల్లోకి వేరే రంగు చొరబడుతుంది. చవక ఎల్‌ఈడీలు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు వంద సార్లు మిణుకుమంటాయి. ఫొటోలో చారలు కనిపిస్తే షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో మార్చండి.

ప్రశ్న: మాకు చార్మినార్ దగ్గర బిద్రీ వస్తువుల దుకాణం ఉంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద కూజాలు, హుక్కా కుండలు తీస్తున్నాం. ఫ్లాష్ వేస్తే వెండి మీద తెల్లటి చుక్క పడుతోంది, వేయకపోతే వెండి కూడా నల్లగా వస్తోంది. పైగా వస్తువు అంచు ఎక్కడుందో తెలియడం లేదు.
— ఒక వ్యాపారి, పాతబస్తీ

జవాబు: లో-కీ పద్ధతికి బిద్రీ కంటే తగిన వస్తువు నగరంలో దొరకడం కష్టం. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన వస్తువును చెక్కి, వెండి తాపి, బీదర్ కోట మట్టిలో అమ్మోనియం క్లోరైడు కలిపిన ముద్ద పట్టిస్తే లోహం నల్లబడుతుంది కానీ వెండి రంగు మారదు. ఫొటో తీసేవాడికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. మట్టి నలుపు వెలుగును మింగేస్తుంది, వెండి అద్దంలా ఎదుట ఉన్నదాన్ని చూపిస్తుంది. ఎదుట చిన్న ఫ్లాష్ ఉంటే చిన్న చుక్క, చీకటి గది ఉంటే చీకటి కనిపిస్తాయి.

అందువల్ల వెండికి చూపించడానికి పెద్ద తెల్లటి తలం ఒకటి తయారు చేయాలి. రెండడుగుల వెడల్పున ట్రేసింగ్ పేపర్‌ను చట్రానికి బిగించి, కూజాకు ఒక పక్కన, కాస్త వెనకగా నిలబెట్టి, దాని వెనక అడుగు దూరంలో దీపం పెట్టండి. కెమెరా నుంచి చూస్తూ, తీగలు, పూలు ఒక్కొక్కటిగా వెలిగే దాకా చట్రాన్ని అంగుళం అంగుళం జరపండి. గుండ్రటి వస్తువు మీద కాగితం ఒక నిలువు పట్టీగానే ప్రతిఫలిస్తుంది. ఆ పట్టీలోకి వచ్చిన వెండి మాత్రమే తెల్లగా మెరుస్తుంది. పట్టీ వెడల్పు కావాలంటే కాగితాన్ని కూజాకు దగ్గరగా తేవాలి. అవతలి పక్క అంచు వెంబడి సన్నటి తెల్ల చార్టు ముక్క నిలబెడితే అంచు గీత గీసినట్టు తేలి, నలుపు నలుపులో కలిసిపోదు. కెమెరా పైన, మీ తెల్లచొక్కా మీద నల్లగుడ్డ కప్పుకోవడం మరవకండి, వెండిలో అవీ కనిపిస్తాయి. బ్యాక్‌గ్రౌండ్‌కు వెల్వెట్ మంచిది. నల్ల చార్టు పక్కవెలుగుకు తళుక్కుమంటుంది. నలుపు చిక్కబడటానికి రాసిన నూనెను మెత్తటి బట్టతో పూర్తిగా తుడిచాకే తీయండి.

అడగకపోయినా ఒక మాట చెబుతాను. కొనేవారికి నీడల ఫొటో ఒక్కటే చూపితే సొట్టలు, గీతలు దాచారనే అనుమానం వస్తుంది. సమానమైన వెలుగులో తీసిన మామూలు ఫొటో కూడా పక్కన పెట్టండి.

ప్రశ్న: కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మధ్యాహ్నం ఎండలో లో-కీ సాధ్యమా?
— ఒక విద్యార్థి, టోలిచౌకి

జవాబు: ఆరుబయట కష్టమే కానీ, ద్వారాల లోపల సాధ్యం. మనిషిని గుమ్మం నుంచి ఒకటి రెండు అడుగులు లోపల, వెలుగు పక్కనుంచి తగిలేలా నిలబెట్టండి. మీరు గుమ్మానికి ఎదురుగా కాకుండా గోడ వెంబడి నిలబడితే, అతని వెనక లోపలి చీకటి మాత్రమే ఫ్రేములోకి వస్తుంది. బయటి నేల మీద పడి ఎగసే వెలుగు ముఖాన్ని కిందినుంచి తాకుతుంది. అందుకే గుమ్మానికి మరీ దగ్గరగా నిలబెట్టవద్దు.

ప్రశ్న: స్క్రీన్ మీద బాగున్న ఫొటో ల్యాబ్ నుంచి వచ్చేసరికి మసిలా ఉంటోంది.
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: స్క్రీన్ తానే వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుగును మాత్రమే తిరిగి ఇస్తుంది. చాలామంది మానిటర్‌ను అవసరానికి మించిన బ్రైట్‌నెస్‌లో ఉంచి ఎడిట్ చేస్తారు. మ్యాట్ కాగితం మీద నలుపు గ్లాసీ కాగితం మీద వచ్చినంత చిక్కగా రాదు, నీడలోని చిన్న తేడాలూ కలిసిపోతాయి. పూర్తి సైజు వేయించే ముందు అదే ఫొటోను మూడు రకాల బ్రైట్‌నెస్‌లలో చిన్న ప్రింట్లుగా తీయించి, ఫ్రేము తగిలించబోయే గోడ మీద, రాత్రి ఆ గదిలో మీరు వేసుకునే లైటు కిందే చూసి ఎంచుకోండి.