అడ్తి దుకాణంలో పని చేస్తూ విశ్వాసంలో రాజీ పడకుండా ఉండగలమా?

"మిర్చి అడ్తిలో (రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే దుకాణంలో) గుమాస్తాగా చేరాను. దసరాకు కాంటాకు పూజ చేసి ప్రసాదం పెడతారట. క్రైస్తవుడిగా నేను ఈ ఉద్యోగం మానెయ్యాలా?" అని ఒక సోదరుడు అడిగారు.

మానక్కర్లేదు బ్రదర్. వరంగల్ వైపు ఒక మార్కెట్ యార్డులో చాలా ఏళ్లు చిట్టా రాసినవాణ్ణి. దసరా ఒక్కరోజు. పూజ వేళకు నేను బయట నిలబడితే "మావోడు చర్చికి పోతడు" అని సేటే పక్కవాళ్లకు చెప్పేవాడు. అసలు పరీక్ష ఫిబ్రవరి, మార్చిలో, యార్డంతా బస్తాలు పడ్డప్పుడు. మిర్చి పచ్చిగా ఉందనో, తాలు కలిసిందనో బస్తాకు ఇంత తరుగు తీయమంటారు. ములుగు అవతలి నుంచి రాత్రంతా ట్రాలీలో వచ్చిన రైతుకు కళ్లు మూతలు పడుతుంటాయి. తూకం వేసే దడ్వాయి అంకె గట్టిగానే చదువుతాడు, రైతుకిచ్చే లెక్క చీటీ తక్‌పట్టీలో రాసేది మాత్రం గుమాస్తా. చదివిన అంకె ఒకటి, రాసింది ఇంకోటి అయినా అడిగేవాడుండడు. చదివిందే రాస్తానన్నాను. సేటు నన్ను కాంటా దగ్గర నుంచి తీసేసి గోదాము లెక్కలకు పెట్టాడు. సీజన్‌లో వచ్చే పైడబ్బులు పోయాయి.

దానియేలు రాజు భోజనం ముట్టలేదని మన బోధకులు బాగా చెబుతారు. ఆరో అధ్యాయానికి వస్తే నేరుగా సింహాల గుహకే పోతారు. అంతకు ముందు శత్రువులు అతని కొలువు వ్యవహారాలన్నీ తిరగేసి ఒక్క తప్పూ పట్టలేకపోయారన్న ముక్క ఎందుకో దాటేస్తారు.

మనవాళ్లు నోరు విప్పని సంగతి ఇంకోటుంది, కుల సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలంగాణలో క్రైస్తవం తీసుకున్న దళితులు బీసీ-సీ. రిజర్వేషన్ ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. మా పాప ఇంటర్ అయ్యాక మా బావమరిది వచ్చి కూర్చున్నాడు: "బిడ్డ సదువు ఆగం జేస్తవా బావా? కాయితంల హిందువని ఉంటే యేసయ్య అలుగుతడా?"

అతని మీద నాకు కోపం లేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో మమ్మల్ని చూసే చూపు మారలేదు. ఆ ఉత్తర్వు మారాలనే నేనూ అంటాను. ఆ విషయం తేల్చమనే 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ కమిషన్ వేసింది. అది మారేదాకా మాత్రం, ఆదివారం ప్రభువు బల్ల తీసుకునే చేత్తోనే సోమవారం హిందువునని సంతకం పెట్టడం నావల్ల కాలేదు. బీసీ-సీ తీసుకున్నాం. అనుకున్న సీటు రాలేదు. పాప కరీంనగర్‌లో ఫీజు కట్టి చదివింది, మా ఆవిడ చాన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. సంఘంలో ఒక పెద్దమనిషి "దేవుడు రెట్టింపు ఇచ్చిండని సాక్ష్యం చెప్పు" అన్నాడు. రెట్టింపేమీ రాలేదన్నా, అప్పు చేసి ఫీజు కట్టినం అన్నాను.

మీ సంగతికొస్తే, ఆ దుకాణంలో తరుగు ఎట్లా తీస్తారో పాత హమాలీలను అడగండి, వాళ్లకు తెలియనిది ఉండదు. సీజన్ ఎత్తుకోకముందే సేటుకు మీ మాట చెప్పేయండి. బస్తాలు దిగాక చెబితే ఆయన ఇంకో మనిషిని ఎక్కడ వెతుక్కుంటాడు?