ఇంటి పన్ను బాకీ కోసం మూడు రూపాయల వడ్డీకి వెళ్లొద్దమ్మా

ప్రశ్న: మాది విజయనగరం దాసన్నపేటండి. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన పోయి మూడేళ్లు కావొస్తోంది, అప్పట్నుంచి ఇంటి పన్ను ఎవరం కట్టలేదు, అవన్నీ ఆయనే చూసుకునేవారు కాబట్టి మాకు ఆ సంగతే తట్టలేదు. నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను, నెలకి పదిహేను వేల దాకా వస్తాది, అమ్మకి నాలుగు వేలు పింఛను. ఆర్నెల్లకి 2,400 చొప్పున మూడేళ్లది, దానిమీద వడ్డీ కట్టాలని నోటీసు వచ్చింది. మొన్న ఇద్దరు బండి మీద వచ్చి రికవరీ వాళ్లమని చెప్పి, ఇప్పుడు పదివేలు ఫోన్‌పే చేసేస్తే మిగతాది సెటిల్ చేసేస్తాం, లేదంటే సామాన్లు జప్తు చేస్తాం అని వీధంతా వినేలా అరిచారు. ఇది కాక గ్రూపు లోను నెలకి 2,150, రెండు వాయిదాలు తప్పాయి, ఆ కలెక్షన్ అబ్బాయి రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చి కుట్టుమిషన్ ఎత్తుకెళ్లిపోతానంటున్నాడు. తెలిసినాయన ఒకరు నూటికి మూడు రూపాయల వడ్డీకి పాతిక వేలు ఇస్తానంటున్నారు. తీసీసుకుని అందరి బాకీ ఒకేసారి తీర్చీయమంటారా?

జవాబు:

అమ్మా, ముందు ఆ మూడు రూపాయల ఆయనకి ఇప్పుడు వద్దండీ అని చెప్పీండి, ఫోన్‌పే అడిగిన వాళ్లకి రూపాయి కూడా పంపకండి, ఈ రెండూ అయ్యాక మిగతాది చదవండి. నాన్నగారు పోయిన ఇంట్లో మొదటి రెండు మూడేళ్లు ఇలాంటివి తప్పిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. కరెంటు బిల్లు నెల నెలా ఇంటికి వస్తాది కాబట్టి గుర్తుంటుంది, ఇంటి పన్ను అలా కాదు. దీనికి మీరు సిగ్గుపడక్కర్లేదు, వీధిలో ఎవరు విన్నారో అని రాత్రిళ్లు నిద్ర మానుకోవాల్సిన పని అంతకన్నా లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే మీకు భయం ఎక్కువైంది తప్ప బాకీ అంత పెద్దది కాదు. మన రాష్ట్రంలో ఇంటి పన్ను ఆర్నెల్లకోసారి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకోటి. మొదటిది జూన్ నెలాఖరు లోపు, రెండోది డిసెంబరు నెలాఖరు లోపు కట్టకపోతే ఆ తర్వాత నుంచి నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ పడుతుంది. అది బారువడ్డీయే, వడ్డీ మీద వడ్డీ వెయ్యరు. మీకు 2023-24 నుంచి 2025-26 దాకా ఆరు అర్ధ సంవత్సరాలవి ఉన్నాయి, అంటే అసలు 14,400. 2026 ఫిబ్రవరి ఆఖరుకి మొదటి దాని మీద 32 నెలల వడ్డీ 1,536, రెండోదాని మీద 26 నెలలది 1,248, అలా తగ్గుకుంటూ వచ్చి ఆఖరిదాని మీద 96, అన్నీ కలిపితే వడ్డీ 4,896. మొత్తం 19,296 రూపాయలు. ఏటా పన్ను కొంచెం పెరుగుతుంది కాబట్టి మీ నోటీసులో అంకె అటూ ఇటూ ఉండొచ్చు గానీ చాలా తేడా ఉంటే ఎక్కడో తప్పు ఉన్నట్టే, కూర్చుని అడగాలి.

ఇప్పుడు ఈ బాకీ మీద నెల నెలా పెరుగుతున్నది ఎంతా? 14,400 మీద రెండు రూపాయలు, అంటే 288. అదే మూడు రూపాయల ఆయన దగ్గర ఇరవై వేలు తెచ్చి ఇక్కడ కట్టీసారనుకోండి, ఆయనకి నెలకి 600 కట్టాలి. 288 ఆపడానికి 600 నెత్తిన వేసుకోవడం అన్నమాట. పైగా మున్సిపల్ కార్పొరేషన్‌కి కాగితం ఉంది, లెక్క ఉంది, అడిగితే చూపిస్తారు. ప్రైవేటు వడ్డీ దగ్గర ఉండేది మనం సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ ప్రోనోటు ఒక్కటే. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే, పన్ను బాకీతో మునిగిపోయిన ఇల్లు నేను చూడలేదు, పన్ను బాకీ తీర్చడానికి తెచ్చిన అప్పుతో బంగారం పోగొట్టుకున్న ఇల్లు చూశాను.

ఇక బండి మీద వచ్చిన ఇద్దరి సంగతి. ఇంటి పన్ను వసూలు చేసేది మున్సిపల్ సిబ్బంది, ఇప్పుడైతే మీ వార్డు సచివాలయంలో అడ్మిన్ సెక్రటరీ ఆ పని చూస్తారు. వాళ్ల దగ్గర ఐడీ కార్డు ఉంటుంది, మీ ఇంటి పన్ను ఖాతాకి ఉండే అసెస్‌మెంట్ నెంబరు చెప్పగలరు, డబ్బు తీసుకుంటే రసీదు వస్తుంది. సొంత ఫోన్‌పే నెంబరుకి పన్ను కట్టించుకునే పద్ధతి ఎక్కడా లేదమ్మా, పదివేలిస్తే మిగతాది సెటిల్ చేస్తాం అనే అధికారం కూడా బిల్లు పట్టుకుని ఇంటికొచ్చే ఎవరికీ లేదు. వాళ్లు నిజంగా ఆఫీసు మనుషులే అయినా సరే, డబ్బు వాళ్ల చేతికి ఇవ్వకండి, ఆఫీసుకే వచ్చి కడతామని చెప్పండి.

ఇది నాకు మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్తున్నాను. మా అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు ఒకతను వచ్చి రెండేళ్ల పన్ను నగదు పట్టుకెళ్లి క్యాలెండర్ కాగితం చించి వెనకాల అంకె రాసి ఇచ్చాడు, అమ్మ దాన్ని దేవుడి పటం వెనక భద్రంగా దాచింది. తర్వాత ఏడాది చూస్తే ఆఫీసు లెక్కల్లో ఆ డబ్బు లేదు, ఆ మనిషి లేడు, ఆ చీటీ మీద తేదీ కూడా లేదు. రెండోసారి కట్టాం. అమ్మ ఆ చీటీ చాలాకాలం పారెయ్యలేదు.

జప్తు అన్న మాటకి మీరు ఎక్కువ బెదిరిపోయారు. పన్ను కట్టకపోతే జప్తు చేసే అధికారం చట్టంలో ఉంది, లేదని నేను చెప్పను, ఇంటి మీద ఆ బాకీ మొదటి చార్జీగా కూడా ఉంటుంది, అంటే ఇల్లు ఎవరి పేరున ఉన్నా అది పోదు. కానీ దానికో వరస ఉంది, డిమాండ్ నోటీసు, గడువు, ఆ తర్వాత ఆఫీసు నుంచి సంతకంతో వారెంటు. వీధిలో నిలబడి నోటితో చెప్పింది జప్తు కాదు. కాగితం చూపించమనండి, లేకపోతే గుమ్మం దగ్గరే మాట్లాడి పంపించీండి.

రేపు చెయ్యాల్సింది ఏటంటే, నాన్నగారి పాత రసీదులు వెతకండి. ప్రతి ఇంట్లో ఒక రెక్సిన్ సంచో ట్రంకు పెట్టో ఉంటుంది, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు జిరాక్సులు, తుప్పు పట్టిన పిన్నుతో కలిపి గుచ్చిన పన్ను రసీదులు అందులోనే ఉంటాయి. ఆఖరి రసీదు మీద అసెస్‌మెంట్ నెంబరు చూసి సచివాలయానికి పట్టుకెళ్లి, ఏ ఆర్నెల్లది ఎంత బాకీ, దాని మీద వడ్డీ ఎంత అని విడివిడిగా ఉండే కాగితం అడగండి, వాళ్లు డీసీబీ అంటారు, డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు. నాన్నగారు కట్టినదేదైనా అందులో ఎక్కకపోతే రసీదు చూపించి అక్కడే సరి చేయించండి. ఇంకోటి కూడా చూడండి, మీరు ఇంట్లో మిషన్ పెట్టుకున్నారు కదా, ఆ గదిని ఎవరైనా కమర్షియల్ కింద రాసేసారేమో. 2021 నుంచి పన్ను ఆస్తి విలువ మీద వేస్తున్నారు, నివాసానికి ఒక రేటు, వ్యాపారానికి అంతకన్నా ఎక్కువ రేటు. తప్పు పడితే కమిషనర్ గారికి రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. సచివాలయానికి వెళ్లే వీలు లేకపోతే ప్రభుత్వం వారి మన మిత్ర వాట్సాప్ 9552300009లో కూడా బాకీ చూసుకుని కట్టొచ్చు, కానీ మీ విషయంలో మొదటిసారి మనిషి వెళ్లి అడగడమే మంచిది అని నా ఉద్దేశం.

వెళ్లినప్పుడు కమిషనర్ గారి పేరు మీద ఒక తెల్లకాగితం రాసి పట్టుకెళ్లండి, నాన్నగారు ఫలానా తేదీన పోయారు, బాకీ సంగతి ఇప్పుడే తెలిసింది, మార్చి 31 లోపు కట్టేస్తాం అని నాలుగు ముక్కలు. రెండు కాపీలు, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ఆ ముద్ర ఉన్న కాపీ మీ దగ్గర ఉంటే, ఈసారి గుమ్మం దగ్గరకి ఎవరొచ్చినా మాట తీరే మారిపోతాది.

మార్చి అని ఎందుకన్నానంటే, 2025 మార్చిలో ప్రభుత్వం బాకీ మొత్తం ఒకేసారి కట్టినవాళ్లకి వడ్డీలో సగం మాఫీ చేసింది. ఈసారీ ఇస్తారని నేను హామీ ఇవ్వలేను, కానీ ఒక నెల ఆగితే మీకు పడేది 288, మాఫీ వస్తే మిగిలేది దగ్గర దగ్గర రెండున్నర వేలు. నోటీసులో గడువు మార్చి చివరి దాకా ఉంటే మార్చి 25 దాకా చూడండి, వారం వారం సచివాలయంలో అడుగుతూ ఉండండి. గడువు ముందే ఉంటే మాత్రం మాఫీ కోసం ఆగొద్దు, కట్టీండి.

గ్రూపు లోను అబ్బాయి విషయం నాకు ఎక్కువ కోపం తెప్పించింది. కుట్టుమిషన్ పోతే మీ ఇల్లు నడవదు అని తెలిసే ఆ మాట అంటాడు. ఇలాంటి గ్రూపు లోనునే మైక్రోఫైనాన్స్ లోను అంటారు, అంటేనే తాకట్టు లేని లోను, రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన నిబంధనల్లోనే అది ఉంది, కాబట్టి మీ మిషన్ మీద ఆ కంపెనీకి ఏ హక్కూ లేదు. కోర్టు డిక్రీ మీద జరిగే జప్తులో కూడా చేతివృత్తి వాళ్ల పనిముట్లు, వంట పాత్రలు, పరుపులు, కట్టుకునే బట్టలు ముట్టుకోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెప్తుంది. అదే నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్స్ లోనుకి ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చెయ్యకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తియ్యకూడదు, చుట్టాల్నీ స్నేహితుల్నీ విసిగించకూడదు. మీకు ఇచ్చిన లోను కార్డు మీద కంపెనీ ఫిర్యాదుల నెంబరు ఉంటుంది, ముందు దానికి ఫోన్ చేసి ఆ అబ్బాయి వచ్చిన తేదీ, టైము చెప్పి ఫిర్యాదు నెంబరు రాసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, 14448కి చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

అలాగని ఆ 4,300 ఎగ్గొట్టమని కాదు. వాయిదాలు తప్పితే సిబిల్, అంటే మీ అప్పుల రికార్డు, పాడవుతాది, రేపు షాపుకి బ్యాంకు లోను కావాలంటే అదే అడ్డొస్తాది.

మరి డబ్బు ఎక్కడిది అంటే, ఇంట్లో బంగారం ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే అమ్మొద్దు, మూడు రూపాయల వాళ్ల దగ్గర అసలు పెట్టొద్దు, బ్యాంకులో గోల్డ్ లోను తీసుకోండి. పన్నుకి పంతొమ్మిదిన్నర వేలు, వాయిదాలకి 4,300, అంతా కలిపినా పాతిక వేల లోపే, ఇప్పుడున్న రేటులో తులం కూడా పెట్టక్కర్లేదు. బ్యాంకులో వడ్డీ రూపాయి లోపే ఉంటుంది, పాతిక వేలకి నెలకి 210 దాకా అనుకోండి, అదే ఆయన దగ్గరైతే 750. బంగారం లేకపోతే డ్వాక్రా సంఘంలో పొదుపు డబ్బులోంచి అప్పు అడగండి, మీరు లేకపోయినా అమ్మగారు సభ్యురాలు అయ్యుంటారు. రెండూ కుదరకపోతే మొదట లోను వాయిదా ఒకటి కట్టి, పన్నులో పాత ఆర్నెల్లవి ఒక్కొక్కటీ తీర్చుకుంటూ రండి, ఏ నెల ఏది కడతారో ఆ తెల్లకాగితంలోనే రాయండి.

గోల్డ్ లోను తీర్చడం జూన్ నుంచి పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లో కుట్టుపని ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు, స్కూలు యూనిఫాంలు మొదలైతే చేతిలో డబ్బు ఆడుతుంది, దసరా, పైడితల్లి సిరిమానోత్సవం నాటికి గోల్డ్ లోను తీరిపోవాలి. ఆ సీజన్ డబ్బుల్లో ముందు దీనికి తీసి పక్కన పెట్టాకే కొత్త మిషన్ ఆలోచన.

ఈ ఏప్రిల్‌లో ఇంకో చిన్న లాభం ఉంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే ఐదు శాతం తగ్గిస్తారు, మీకు 4,800 మీద 240, ఒక లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి. ఈ ఏడాది కుదరకపోయినా పర్వాలేదు, బ్యాంకులో నెలకి 400తో ఏడాది ఆర్డీ మొదలెట్టండి, పన్నెండు నెలలకి మీరు కట్టిందే 4,800 అవుతాది. నాలుగు వందలే కదా అని ఇంట్లో డబ్బాలో వెయ్యకండి, డబ్బాలోవి ఏదో ఒక జ్వరానికి ఖర్చయిపోతాయి.

బాకీ తీరిన రసీదు చేతికొచ్చాక అదే ఊపులో ఇల్లు మీ అమ్మగారి పేరుకో మీ పేరుకో మార్పించుకోండి. నాన్నగారి డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి దస్తావేజు, చివరి పన్ను రసీదు కావాలి. పన్ను బాకీ ఉంటే పేరు మార్చరు, అందుకే ముందు అది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉంటే వాళ్ల ఒప్పుదల కాగితం కూడా ఇప్పుడే రాయించుకోండి, అందరూ మంచిగా ఉన్న రోజుల్లో అడగడం సులువు.

ఆ ఇద్దరూ మళ్లీ వస్తే లోపలికి రమ్మనకండి. పేరేటండి, ఐడీ కార్డు చూపించండి, మేం సచివాలయంలో కాగితం ఇచ్చాం, ఇదిగో ముద్ర, అక్కడే కడతాం అని చెప్పి, వాళ్ల ముందే బండి నెంబరు రాసుకోండి. కదలకుండా గొడవ చేస్తే 112కి ఫోన్ చెయ్యండి.