స్థలం అమ్మి విమానం ఇంజన్ కొనాలా?

ప్రశ్న: మాది గాజువాక. ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది. మా వాడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి న్యూపోర్ట్ 17 విమానానికి నకలు సొంతంగా కడతానంటున్నాడు. దానికి చుట్టూ సిలిండర్లుండే రేడియల్ ఇంజనే కావాలట. విదేశంలో ఎవరో ఎం-14పి అనే రష్యన్ ఇంజన్ అమ్ముతున్నారట. కొద్ది గంటలే తిరిగింది, ఇరవై ఏళ్లుగా పెట్టెలోనే ఉంది అంటున్నారు. ఆనందపురం వైపు ఉన్న స్థలం అమ్మితే డబ్బు సరిపోతుంది. ఆ ఇంజన్ నమ్మకమైనదేనా? ఈ పిచ్చితో వాడికి బతుకుతెరువు ఉంటుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్థలం అమ్మకండి. ఈ ఇంజన్ కోసమైతే అసలే వద్దు.

ఎం-14పి చెడ్డ ఇంజనేం కాదండీ. 9 సిలిండర్లు, 360 హార్స్‌పవర్. యాక్-52 శిక్షణ విమానాల్లో దశాబ్దాలుగా తిరుగుతోంది. కానీ ఉత్త ఇంజనే 200 కిలోల పైమాట. అసలు న్యూపోర్ట్ 17 మనిషితో, పెట్రోలుతో కలిపి అరటన్ను పైచిలుకు ఉండేది. దాని ఇంజన్ 110 హార్స్‌పవర్. ఆటోకి లారీ ఇంజన్ ఎక్కించమని మీ షాపుకెవరైనా వస్తే ఏమంటారు? ఇదీ అంతే. ముక్కు బరువెక్కుతుంది, దాన్ని మోయడానికి ఫ్రేమంతా మార్చాలి, చివరికది న్యూపోర్టే కాకుండా పోతుంది. పైగా దీని ప్రొపెల్లర్ అమెరికన్ ఇంజన్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. స్టార్ట్ చేయాలంటే ఒత్తిడితో నింపిన గాలి కావాలి.

ఇక ఆ ఇరవై ఏళ్ల పెట్టె సంగతి. అమ్మేవాడికది గొప్ప, నాకు మాత్రం అనుమానం. విశాఖలో ఉంటున్నాం, తుప్పు గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు. బాల్కనీ గ్రిల్‌కి రెండేళ్లకోసారి రంగు వేస్తూనే ఉంటాం కదా. ఇంజన్‌లో సిలిండర్ గోడలు, క్యామ్, బేరింగులు బయటికి కనపడవు. లోపల నిల్వ నూనె పట్టించారా, తేమ పీల్చే ప్లగ్గులు బిగించారా, ఎవరు ఏ తేదీన చేశారు, ఇవన్నీ లాగ్‌బుక్‌లో ఉండాలి. లాగ్‌బుక్ లేకపోతే ‘కొద్ది గంటలే’ అన్నది ఉత్తి మాట. విమాన ఇంజన్‌కు ఓవర్‌హాల్ (మొత్తం విప్పి సరిచేయడం) ఎప్పుడన్నది తిరిగిన గంటలతో పాటు గడిచిన ఏళ్లను కూడా చూసి తేలుస్తారు.

మీ వాడికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. న్యూపోర్ట్ 17కి అసలు ఉన్నది రేడియలేనా అని అడగండి. కాదు, అది రోటరీ. అందులో క్రాంక్‌షాఫ్ట్ విమానానికి బిగించి ఉంటుంది, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. దానికి వాడిన నూనె మన ఆముదమే! అది తిరిగి ట్యాంకులోకి రాదు, బయటికి చిమ్మి పైలట్ ముఖాన పడేది. రేడియల్‌లో సిలిండర్లు కదలవు, క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంది. ఆగి ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనపడతాయి కాబట్టే నకళ్లు కట్టేవాళ్లు రేడియల్ పెడతారు.

ఆ సైజు విమానానికి సరిపోయేవి లేకపోలేదు. ఆస్ట్రేలియాలో తయారైన రోటెక్ ఆర్2800కి 7 సిలిండర్లు, 110 హార్స్‌పవర్. చెక్ దేశపు వెర్నర్ వాళ్లవీ చిన్న రేడియల్సే. బ్రాండు కంటే ముందు నేను అడిగేది వేరు: పిస్టన్ రింగు పోతే ఎన్నాళ్లకొస్తుంది? ఓవర్‌హాల్ ఎవరు చేస్తారు? రోజూ దాన్ని చూసుకునే మనిషికి ఏం తెలుసు? రేడియల్ ఆగి ఉంటే నూనె కిందికి జారి అడుగు సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే పిస్టన్ ఆ నూనెను నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ముందు ఇగ్నిషన్ ఆపి ఉంచి ప్రొపెల్లర్‌ను చేత్తో కొన్ని చుట్లు తిప్పుతారు. పట్టేస్తే బలం చూపించకూడదు, అడుగు సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులు తీసి నూనె కార్చాలి. తొందరపడే మనిషి చేతిలో ఎంత మంచి ఇంజనైనా నిలవదు.

విమానం కట్టేటప్పుడు ఇంజన్ ఏదన్నది మొదటే తేల్చుకోవాలి, ఎందుకంటే ముక్కు పొడవు, ఇంజన్ బిగించే మౌంటు దాని బరువును బట్టే ఉంటాయి. కొనడం మాత్రం ఆఖర్న. చెక్క పని, గుడ్డ పని అయ్యేసరికి ఏళ్లు పడతాయి, అన్నాళ్లూ ఇంజన్ మూలన పడి ఉంటుంది. ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన విమానం 2016లో ప్రదర్శనకొచ్చింది, 2017లో రిజిస్టరైంది, ఎగరడానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి 2019లో దొరికింది. కాగితాలకే అన్నేళ్లు!

బతుకుతెరువు గురించి. ఇంటర్ ఎంపీసీ తర్వాత ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ వీడికి అతికినట్టు సరిపోతుంది. డీజీసీఏ సీఏఆర్-147 నిబంధన కింద గుర్తించిన సంస్థలోనే చేర్చండి, గుర్తింపు ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్లోనే చూసుకోండి, బ్రోషర్‌ను నమ్మకండి. లైసెన్సులో బి1.1 జెట్ లాంటి టర్బైన్ విమానాలకు, బి1.2 పిస్టన్ విమానాలకు. మీ వాడు బి1.2 అంటాడు, తెలుసు. దాంతో ఫ్లయింగ్ స్కూళ్లలో పని దొరుకుతుంది, అక్కడివి ఎక్కువగా పిస్టన్ విమానాలే. ఎయిర్‌లైన్స్ నడిపేవి టర్బైన్లు, ఉద్యోగాలూ అక్కడే ఎక్కువ. నా మాటగా ముందు బి1.1 చేయమనండి, పిస్టన్ పిచ్చి ఎక్కడికీ పోదు. కోర్సు ఫీజుకు కూడా స్థలం అమ్మకుండా ఎడ్యుకేషన్ లోను అడిగి చూడండి.

పరీక్షలు అయ్యాక మీ లేత్ మీదే వాడికో పని చెప్పండి. 7 సిలిండర్ల రేడియల్ నమూనా, అల్యూమినియంలో, చేత్తో తిప్పేది. ఒక పెద్ద రాడ్, దాని చుట్టూ పిన్నులతో తగిలించిన ఆరు చిన్న రాడ్లు. నిజం ఇంజన్లోనైతే నిప్పు 1, 3, 5, 7, 2, 4, 6 వరసలో పడుతుంది. ఆరే సిలిండర్లుంటే ఆ వరస ఎందుకు కుదరదో తిప్పి చూస్తే వాడికే అర్థమవుతుంది. ప్రతి కొలతా పుస్తకంలో రాయించండి, మైక్రోమీటర్ మీది ఇవ్వండి. అయితే మీ షాపులో చేసిన ముక్కేదీ ఎగిరే ఇంజన్‌లో పెట్టకూడదని ఇప్పుడే చెప్పండి. ఆ లోహం ఎక్కడిదో చెప్పే కాగితం లేనిదే విమానంలో ఏ భాగాన్నీ ఒప్పుకోరు.

ఈ ఆదివారం ఇద్దరూ బీచ్ రోడ్డుకి వెళ్లండి. అక్కడి టీయూ-142 విమాన మ్యూజియంలో ఒక్కో ఇంజన్‌కు రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు, ఇంకొకటి అటు తిరిగేవి. ఒక్కో ఇంజన్ సుమారు 15 వేల హార్స్‌పవర్. ‘ఇది రేడియలేనా నాన్నా?’ అని ఏమీ తెలియనట్టు అడగండి. కాదని చెప్పి, ఎందుకు కాదో కూడా చెబితే, కాలేజీల లిస్టు పట్టుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి.